వెదురు గడ చివర బ్రౌజర్ వేగం

భద్రాచలంలోని మా కార్యాలయం రెండో అంతస్తులో, ఒక మంగళవారం ఉదయం 11 గంటల 10 నిమిషాలకు, దరఖాస్తు పేజీ పూర్తిగా తెరుచుకోవడానికి పట్టిన సమయం 2.4 సెకన్లు. అక్కడికి 43 కిలోమీటర్ల దూరంలో, చివరి 6 కిలోమీటర్లు నడిచి వెళ్లాల్సిన ఒక గూడెం అంచున, 22 అడుగుల వెదురు గడ చివర కట్టిన ఫోన్ ద్వారా అదే పేజీ తెరుచుకోవడానికి పట్టిన సమయం 3 నిమిషాల 50 సెకన్లు. రెండూ నేనే కొలిచాను. రెండుసార్లూ నా చేతిలో ఉన్నది ఒకే స్టాప్‌వాచ్. రెండు కొలతలకూ మధ్య పద్దెనిమిది రోజులు గడిచాయి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి నేను చెప్పదగినదంతా ఆ పద్దెనిమిది రోజుల్లోనే ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో మిగిలిన భాగాన్ని సర్వీసు పుస్తకం చూసుకుంటుంది.

పని ఏమిటంటే

ప్రజలు దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్లను తయారుచేసి నడిపే చిన్న సాంకేతిక విభాగంలో నేను పనిచేశాను. అందులో నా ప్రత్యేకమైన పని పరీక్ష. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ మనం పేజీలు తెరవడానికి వాడే ప్రోగ్రామును బ్రౌజర్ అంటాం. అవి పలు రకాలు. మా పేజీ ఏ బ్రౌజర్‌లో ఎంత వేగంగా తెరుచుకుంటుంది, ఏ బ్రౌజర్‌ను ఎంతమంది వాడుతున్నారు అన్న రెండు ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పడం నా బాధ్యత. వినడానికి ఇది పందెం నిర్వహించడం లాంటి పని. గెలిచినదాన్ని ఉంచి, ఓడినదాన్ని తీసేయడమే అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఈ కథనంలో రెండు బ్రౌజర్లు వస్తాయి. వాటి అసలు పేర్లు రాయను; జరిగిన తప్పు వాటిది కాదు. ఒకటి ఫోన్ కొన్నప్పుడే అందులో ఉండేది. దాన్ని మేము 'పెద్దది' అనేవాళ్లం. రెండోది చాలా చిన్నది, గుర్తుగా పిట్ట బొమ్మ ఉండేది. గూడేల్లో అందరూ దాన్ని 'పిట్ట' అనే పిలిచేవారు. పెద్దది పేజీని నేరుగా మా సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. పిట్ట అలా చేయదు. ఎక్కడో దూర నగరంలో ఉన్న తన సొంత కంప్యూటర్‌ను అడుగుతుంది. ఆ కంప్యూటర్ మా పేజీని తెచ్చి, కుదించి, ఫోన్‌కు పంపుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది.

మొదటి అధికారి చెప్పిన మాట

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా అధికారి నీటిపారుదల శాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి. అంతకుముందు పన్నెండేళ్లు గోదావరి మట్టం రీడింగులు సేకరించిన మనిషి. బోనకల్ నుంచి వచ్చిన నాకు నది అంటే రైలు కిటికీలోంచి చూసిన నీరే. మొదటి వారంలోనే నేను రాసిన పట్టికలో ఒక గడిని వేలితో కొట్టి అడిగారు.

"ఇక్కడ సున్నా ఎందుకు రాసినవ్ తల్లీ?"

"ఆ కేంద్రం నుంచి అంకె రాలేదు సార్."

"రాకపోతే 'రాలేదు' అని రాయాలె. నది మీద నేను సున్నా రాస్తే ఏమైతదో ఎరికేనా? కింద ఊళ్లోల్లు నీళ్లు లేవనుకుని గొడ్లను దింపుతరు. వాన పడి తీగ తెగినందుకు మనకు రీడింగ్ రాలే గానీ, నది ఎండిపోలే."

ఆయన కటువైన మనిషి. టీ గ్లాసు టేబుల్ మీద పెడితే కూడా కోప్పడేవారు. ఆయన పదవీ విరమణ చేసిన రోజున మాలో కొందరు ఊపిరి పీల్చుకున్నాం. ఆ మాటను మాత్రం నేను ఇరవై ఏళ్లపాటు ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పాను. చెప్పడం వేరు, పాటించడం వేరు అని నా సర్వీసు ఇరవై ఎనిమిదో ఏట తెలిసింది.

ఆరు అనే అంకె

గిరిజన బాలికల గురుకుల జూనియర్ కళాశాలల్లో సీట్లకు దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైట్ మా చేతిలో ఉండేది. ఆ సంవత్సరం దాన్ని కొత్త పద్ధతిలో తిరగరాస్తే పేజీ 3.5 సెకన్ల బదులు 2.4 సెకన్లలో తెరుచుకుంటుందని నా పరీక్షల్లో తేలింది. పేజీకి 1.1 సెకన్ల ఆదా. ఒకటే ఇబ్బంది: కొత్త పద్ధతి పిట్టలో పనిచేయదు.

పిట్టను ఎంతమంది వాడుతున్నారో లెక్క తీశాను. మా సర్వర్‌కు వచ్చే ప్రతి సందర్శకుడికీ ఒక చిరునామా ఉంటుంది; అది లాగ్ అనే చిట్టాలో పడుతుంది. ఒక్కో చిరునామాను ఒక్కో మనిషిగా లెక్కించడం మా అలవాటు. నెల మొత్తం మీద పిట్ట నుంచి వచ్చిన చిరునామాలు ఆరు. పట్టికలో ఆరు అని రాశాను.

మా ప్రోగ్రామర్ డేవిడ్ సారపాక కుర్రాడు, నాకంటే ఇరవై రెండేళ్లు చిన్న. ఆ అంకె చూసి ఆగాడు.

"మేడం, మరీ ఆరేనా? మా చర్చికొచ్చే లోపలి ఊళ్లోల్లు గదే వాడ్తరు కదా."

"నువ్వు చూసింది నలుగురిని అయి ఉంటుంది. నేను నెల రోజుల లాగ్ చూశాను."

"గట్లనే కానీ మేడం. మీ స్టాప్‌వాచ్ ముందు నా చర్చి ఎంత."

నవ్వుకున్నాం. అతని అనుమానమే సరైనది. పిట్ట వాడే వేలమంది అభ్యర్థనలూ ఆ దూర నగరంలోని ఆరు కంప్యూటర్ల ద్వారానే మాకు చేరుతున్నాయి. నేను లెక్కించింది మనుషులను కాదు, ఆరు తలుపులను. పిట్ట ఎలా పనిచేస్తుందో నాకు తెలియదని కాదు. ఆ విషయం మీద నేనే ఒకసారి శిక్షణ ఇచ్చాను. తెలిసిన రెండు విషయాలు ఒకే తలలో ఉండి కూడా ఒకదాన్నొకటి కలవకపోవడం సాంకేతిక ఉద్యోగంలో అతి సాధారణమైన ప్రమాదం.

అప్పటి అధికారి నా నివేదిక మొదటి పేజీ చదివి, "ఆరుగురి కోసం అందర్నీ ఆపుడెందుకమ్మా, కానియ్యండి" అన్నారు. ఆయన్ను తప్పుపట్టను. అధికారికి మనం ఇచ్చిన అంకె తప్ప మరో కన్ను ఉండదు.

గడువుకు పదకొండు రోజుల ముందు కొత్త పేజీ పెట్టాం. పిట్టలో తెరిస్తే 'మరొక బ్రౌజర్ వాడండి' అన్న వాక్యం కనిపించే ఏర్పాటు చేశాం. ఆ వాక్యం మర్యాదగా ఉండాలని నేనే రెండుసార్లు దిద్దాను.

నొక్కి ఎత్తుడు

గడువు శనివారం సాయంత్రం 5 గంటలు. శుక్రవారం మధ్యాహ్నం ఒక ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. పేరు సీతమ్మ. మీటింగు కోసం మండల కేంద్రానికి నడిచి వచ్చి, అక్కడి నుంచి మాట్లాడుతోంది.

"మేడం, మా అక్క బిడ్డ రాధకు పదిల మంచి మార్కులొచ్చినయ్. బైపీసీ సీటుకు పెడ్తున్నం. వారం సంది పోతలేదు. పిట్టల పెడ్తే వేరేది వాడుమంటది, వేరేదాంట్ల పెడ్తే రాసిందంత మాయమైతది."

"రాధను రేపు మండల కేంద్రానికి తీసుకురండి, అక్కడ సేవా కేంద్రంలో పెట్టేద్దాం."

"దాని కాయితాలన్ని ఇంటికాడనే ఉన్నయ్. నేనొక్కదాన్ని మెడల దాక నీళ్లల్ల వాగు దాటొచ్చిన మేడం. పిల్లనెట్ల తెస్త? నర్సు కావాలంటది అది. వాగుల బోతే ఏం నర్సు?"

అప్పటికీ అది ఒక ఫోన్‌లోని లోపమే అనుకున్నాను. అయినా లోపం కళ్లతో చూడకుండా వదలకూడదన్న అలవాటు కొద్దీ, నేనే వస్తానని ఆమెకు చెప్పి, శనివారం ఉదయం జీపులో బయలుదేరాను. రాత్రి వాన లేకపోవడంతో వాగు మోకాళ్లకు తగ్గింది. దాటి, 6 కిలోమీటర్లు నడిచి, మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలకు గూడెం చేరాను.

ఊరి పక్కనున్న మిట్ట మీద ముగ్గురు నాకోసం ఎదురుచూస్తున్నారు. సీతమ్మ, పదిహేనేళ్ల రాధ, వెదురు గడ పట్టుకున్న ముత్తయ్య. సీతమ్మకు ఆయన బావ వరస. సారపాక కాగితం మిల్లు కోసం ఏళ్లతరబడి వెదురు కొట్టిన మనిషి. ఊళ్లో టచ్ ఫోన్ ఒక్కటే, సీతమ్మకు శాఖవారు ఇచ్చింది. మిగిలినవారివి మీటల ఫోన్లు. నేల మీద సిగ్నల్ ఉండదు. మిట్ట మీద, ఇరవై అడుగుల పైన, గాలి నిలకడగా ఉంటే ఉంటుంది.

"మేడం, మా పిట్టను సంపిన్రంట గద?" అన్నాడు ముత్తయ్య, పలకరింపుకు బదులుగా.

"బావా, మేడం ఇప్పుడే వచ్చింది, నీళ్లన్న తాగనియ్" అంది సీతమ్మ.

"అడుగుతున్న అంతే. గది ఉన్నప్పుడు ఒక్క ఎత్తుకు పనైతుండె. ఇప్పుడు పొద్దున సంది ఎత్తుడు దించుడే. నా భుజమే టవరైంది."

వాళ్లు పని చేసే పద్ధతి చూపించారు. దాని పేరు నొక్కి ఎత్తుడు. ఫోన్‌ను గడకు కట్టి పైకెత్తి పేజీని రప్పిస్తారు. దించుతారు. కింద కూర్చుని నింపుతారు. నింపాక 'పంపు' అన్న చోట నొక్కి, వెంటనే ఫోన్‌ను సంచిలో వేసి గడకు కట్టి పైకెత్తుతారు. నొక్కిన క్షణాన సిగ్నల్ ఉండదు. పిట్ట దానికి కంగారుపడదు. రాసినదాన్ని దగ్గర పెట్టుకుని, సిగ్నల్ దొరికేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పైన దొరకగానే పంపుతుంది. ఊరివాళ్లు నూరు లెక్కపెట్టి దించితే చాలు, రశీదు సంఖ్య తెర మీద ఉంటుంది.

పెద్దది అలా కాదు. నొక్కగానే 'నెట్ లేదు' అంటుంది. పైకెత్తితే నెట్ దొరికిన ఉత్సాహంలో పేజీని మొదటి నుంచి తెరుస్తుంది. దించి చూస్తే పద్నాలుగు గడులూ ఖాళీ.

రాధ నా ముందు మళ్లీ నింపింది. పేరు, తండ్రి పేరు, ఆధార్, హాల్‌టికెట్, మార్కులు. చూడకుండానే అంకెలు వేస్తోంది. నొక్కింది, ఎత్తారు, దించారు. ఖాళీ.

"ఎన్నోసారి ఇది?" అని అడిగాను.

"ఇయ్యాల ఏడు, మేడం. మొత్తం రాసుకోలే."

ఆ అమ్మాయి గొంతులో నిష్ఠూరం లేదు. పరీక్షలో జవాబు తెలియని ప్రశ్నకు చెప్పినట్టు చెప్పింది. మా కార్యాలయంలో పెద్దది గెలవడానికి కారణం అక్కడ ఫైబర్ తీగ ఉండటం. ఇక్కడ గెలవాల్సిన గుణం వేగం కాదు, ఓపిక. ఆ గుణానికి నా పట్టికలో గడి లేదు.

5 గంటల 4 నిమిషాలు

డేవిడ్‌తో మాట్లాడి సర్వర్ వైపు ఏదైనా మార్చవచ్చేమో అనుకున్నాను. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు.

"మాట్లాడాలంటే మిమ్ములనే గడకు కట్టాలె మేడం" అన్నాడు ముత్తయ్య. "బరువు జూసి చెప్త, మోస్తదో లేదో."

అప్పుడు తట్టింది. ఊళ్లో ఇప్పుడు టచ్ ఫోన్లు రెండున్నాయి. నా ఫోన్‌ను హాట్‌స్పాట్‌గా పెట్టి గడ చివర కడితే, కింద సీతమ్మ ఫోన్ దాని నుంచి నెట్ తీసుకోగలదు; దించాల్సిన పనిలేదు. అప్పటికి సమయం 4 గంటల 6 నిమిషాలు. ఒక్క ఫోనున్న ఊరికి ఈ ఉపాయం తోచకపోవడం సహజం. నాకు తోచడానికి గంటన్నర ఎందుకు పట్టిందో నేటికీ నాకు సంజాయిషీ లేదు.

కట్టి ఎత్తాం. పేజీ 3 నిమిషాల 50 సెకన్లకు తెరుచుకుంది. రాధ నింపడం మొదలుపెట్టింది. పదో గడిలో ఉండగా గాలి తిరిగింది. నా ఫోన్ సీతమ్మ ఫోన్ కన్నా బరువైనది. గడ కణుపు దగ్గర ఫెళ్లున విరిగింది. ఫోన్ పొదలో పడింది, పగల్లేదు.

ముత్తయ్య తమ కోయ భాషలో ఏదో అన్నాడు. సీతమ్మ నవ్వు ఆపుకుంటూ, "అది మీకు తెలుగుల చెప్ప మేడం" అంది. ఆయన అప్పటికే కత్తి తీసుకుని వెదురు పొద వైపు పరుగెత్తాడు. పచ్చిది వంగుతుందని, ఎండినది వెతికి, కొట్టి, కణుపులు చెక్కి తెచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు.

"జల్దీ బిడ్డా, జల్దీ" అంటూ ఎత్తాడు. పేజీ మళ్లీ ఖాళీగా తెరుచుకుంది, రాధ మొదటి గడి నుంచి నింపింది.

మార్కుల మెమో ఫొటో పైకి వెళ్లడానికే తొమ్మిది నిమిషాలు తీసుకుంది. ఆ తొమ్మిది నిమిషాలూ ముత్తయ్య గడను కదలనివ్వలేదు. రాధ 'పంపు' నొక్కినప్పుడు నా గడియారంలో 4 గంటల 58 నిమిషాలు. తెర మీద చక్రం తిరిగింది. 5 గంటల 4 నిమిషాలకు జవాబు వచ్చింది: 'గడువు ముగిసింది.'

మనిషి ఎప్పుడు నొక్కాడన్నది కాకుండా, సర్వర్‌కు ఎప్పుడు చేరిందన్నదే లెక్కలోకి తీసుకోవాలన్న నియమం రాసింది నేనే. కార్యాలయంలో ఆ రెండింటి మధ్య తేడా సెకనులో పదో వంతు.

ముత్తయ్య గడ దించాడు. రాధ సీతమ్మ ఫోన్‌కు అంటిన చెమటను ఓణీ అంచుతో తుడిచి చిన్నమ్మ చేతిలో పెట్టింది.

"తప్పెవరిది మేడం?" సీతమ్మ అడిగింది. కోపంతో కాదు, తెలుసుకోవాలని.

"నాది" అన్నాను. "పిట్ట వాడేవాళ్లు ఆరుగురే అని రాశాను."

"ఆరుగురా?" ముత్తయ్య నోరు తెరిచాడు. "మా గూడెంలనే ఏడుగురు పెట్టిన్రు మేడం పోయినేడు, గీ గడతోనే!"

ఆ తర్వాత

సోమవారం ఉదయం అధికారి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన "నా సంతకం కూడా ఉంది గదమ్మా దాని మీద" అని, ఐదు రోజులు గడువు పెంచాలని పైకి రాశారు. అనుమతి వచ్చింది. ఆ రాత్రికే డేవిడ్ పాత పేజీని తిరిగి పెట్టాడు. నేను పాత లాగ్‌ను చిరునామాలతో కాకుండా దరఖాస్తులతో లెక్కించాను. మా వెబ్‌సైట్‌కు వచ్చిన దరఖాస్తుల్లో నూటికి పద్దెనిమిది పిట్ట నుంచి వచ్చినవి. వాగు అవతలి గూడేలను విడిగా తీస్తే, నూటికి తొంభైకి పైగా.

ఆశ్రమ పాఠశాలల నుంచి పది పాసైన అమ్మాయిల జాబితాలు తెప్పించి, దరఖాస్తు చేరినవారి పేర్లు కొట్టేశాను. మిగిలినవారి సంగతి ఆశా కార్యకర్తల ద్వారా అడిగించాను. పంపబోయి విఫలమైనవారు ఇరవై ఆరుగురు తేలారు.

పెంచిన గడువులో దరఖాస్తు పెట్టినవారికి మొదటి జాబితా పోగా మిగిలిన సీట్లే ఇచ్చారు. రాధ దరఖాస్తు పిట్టతో ఒక్క ఎత్తుకే చేరింది. అయితే అప్పటికి బైపీసీ సీట్లు అయిపోయాయి. సీఈసీ ఇస్తామన్నారు. నేను ఫోన్‌లో, వచ్చినది తీసుకోమని రాధకు సలహా ఇచ్చాను. ఆరు అన్న లెక్క ఒకటి, గడువు నియమం రెండు; ఈ కథనంలో నా మూడో తప్పు అది.

"వద్దు మేడం" అంది. "సీఈసీ చదివితే బీఎస్సీ నర్సింగ్‌ల తీసుకోరు. ఏడాది ఆగుత."

ఆ ఏడాది చిన్నమ్మతో కలిసి చండ్రుగొండ వైపు మిరప కోతలకు వెళ్లింది. మరుసటి జూన్‌లో అదే మిట్ట మీద నుంచి మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి సీటు వచ్చింది. ఇప్పుడు నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉంది.

కొత్తగా ఈ పనిలో చేరేవారికి నా సలహాలు కొద్దివే. వేగం కొలవండి, కానీ మీ కుర్చీలో కూర్చుని కొలిచిన వేగం మీ కుర్చీకే వర్తిస్తుంది. ఆదరణ లెక్కించండి, కానీ లెక్కించేది మనుషులనా తలుపులనా అని ముందు తేల్చుకోండి. మీ పట్టికలో మరీ చిన్న అంకె కనిపిస్తే సంతోషించకండి. నివేదిక రాసేముందు ఆ చోటికి వెళ్లండి. మీకంటే చిన్నవాడు తన చర్చిలో చూసినది చెప్పినప్పుడు లాగ్ చూపించి నోరు మూయించకండి. ఆ తర్వాతి మూడేళ్లూ మేము పెట్టిన ప్రతి పేజీని ముందు ముత్తయ్య గడ మీద పరీక్షించాం. ఆయన నివేదిక ఎప్పుడూ ఒక్క ముక్కే: "అవ్, పోతది" లేదా "లే, పోదు". నేను రాసిన ఏ నివేదికా అంత స్పష్టంగా లేదు.

మొత్తం మీద

ఆదా: పేజీకి 1.1 సెకన్లు, పదకొండు రోజులపాటు.

ఖర్చు: ఎండు వెదురు గడ ఒకటి. గడువు పొడిగింపు ఐదు రోజులు. గూడేలకు నేనూ డేవిడ్ తిరిగినది 412 కిలోమీటర్లు, అందులో నడక 58. ముత్తయ్య కుడి భుజం నొప్పి, నెల రోజులు.

నష్టం: దరఖాస్తు అందక నిలిచిపోయిన అమ్మాయిలు ఇరవై ఆరుగురు. పొడిగించిన గడువులో ఏదో ఒక సీటులో చేరినవారు ఇరవై ఇద్దరు. వారిలో కోరుకున్న గ్రూపు దొరికినవారు తొమ్మిది మంది. ఒక విద్యా సంవత్సరం పోగొట్టుకున్నది ఒకరు, రాధ.

మిగిలిన ముగ్గురికి కబురు అందేలోగా కుటుంబాలు కూలి పనులకు వాగు అవతలి నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాయి. వాళ్లు చదివారా, లేదా అని పదవీ విరమణ వరకు ప్రతి జూన్‌లోనూ అడిగించాను. నా పట్టికలో ఆ ముగ్గురి గడుల్లో సున్నా రాయలేదు. 'రాలేదు' అని రాశాను.